ఫరంగి మర ఆగిన రోజు

బాబాయిగారు పోయారన్న కబురు నాకు ఆయన ఇంటి నుంచి రాలేదు. మా రెండు క్వార్టర్లకీ మధ్య ఒకటే గోడ. అవతల పిన్నిగారు పప్పులో తాలింపు వేస్తే ఇవతల నాకు తుమ్ములు వస్తాయి. అంత దగ్గరి ఇంటి కబురు సంగారెడ్డి దాటి, కొండాపూర్ కూడా దాటి, అవతల ఒక ఊరి నుంచి మొదటి బస్సులో వచ్చింది. తెచ్చిన ఎల్లయ్యకి కూడా తాను తెచ్చింది ఆ కబురేనని తెలియదు.

ఆషాఢమాసం. ఆఫీసుకి కట్టుకెళ్ళే చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఎల్లయ్య మా గేటు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"సారు లేసిండా అమ్మా?" అన్నాడు. "మర నిలవడ్డది. గాలి దంచి కొడుతున్నది గని రెక్కలు కదుల్తలేవు. బ్రేకు ఇడిసే ఉన్నది. తెల్లారంగ సూసి పరేషాన్ అయిన. సారును జెర తోల్కపోదామని వచ్చిన."

అతను చెప్పేది వాళ్ళ కొండ మీది గాలిమర సంగతి. అది ఎవరి చేతుల మీదుగా నడుస్తున్నదో వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకే బాబాయిగారిని పిలుచుకుపోవడానికి వచ్చాడు. సరే పద అని ఇద్దరం పక్కింటికి వెళ్ళాం. పిన్నిగారు వంటింట్లోంచే, "వరండాలో కూచున్నారమ్మా, ఇప్పుడే కాఫీ ఇచ్చొచ్చాను" అన్నారు. వరండాలో పడక్కుర్చీ మీద బాబాయిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద కాఫీ మీగడ కట్టింది. నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవబుద్ధి కాలేదు.

డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి రెండు గంటలైనా అయి ఉంటుంది అన్నాడు. పిన్నిగారు ఆ మాట చాలాసేపు వినిపించుకోలేదు. తరవాత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా, "కాఫీ ఇస్తూ పాలు ఇవాళ పల్చగా ఉన్నాయని కూడా చెప్పాను అమ్మాయ్. ఎవరితో చెప్పాను నేను?" అన్నారు. ఎల్లయ్య ఎక్కిన బస్సు ఊళ్ళో బయలుదేరింది కూడా రెండు గంటల కిందటే. అతను వాకిట్లో తువ్వాలు భుజం మీంచి తీసి, "గట్లనా" అన్నాడు. నేనేమీ లెక్క కట్టలేదు. ఆ లెక్క కట్టబుద్ధి కాలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా కాలనీ వాళ్ళు అడిగారు. రాయడం నా పని కాదు. నేను ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాని మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి సిరాతో దిద్దుతాను. ఉన్న గీత మీదే గీయాలి, లేని గీత గీయకూడదు. ఇదీ అలాగే రాస్తాను. కొన్ని గీతలు నాకు అర్థం కాకపోతే అది నా తప్పు కాదు.

బాబాయిగారిది గోదావరి జిల్లా, మాది తెనాలి పక్క. అరవైల్లో ప్లాంటు పెట్టినప్పుడు ఇద్దరి కుటుంబాలూ ఇక్కడికి వచ్చి పడ్డాయి. చుట్టరికం ఏమీ లేదు. పక్కింటాయన్ని ఏదో ఒకటి పిలవాలి కదా, బాబాయిగారూ అన్నాను, ఆయన ఆయ్ అన్నారు, అంతే. ఫౌండ్రీకి నమూనాలు చేసే ప్యాటర్న్ షాపులో ఆయన పెద్ద పనివాడు. ఇనప భాగం ఏదైనా పోత పోయాలంటే ముందు అదే ఆకారం చెక్కలో చెయ్యాలి. ఆ చెక్కకి మామూలు స్కేలు పనికిరాదు. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి, వాళ్ళ స్కేలు మీద అంగుళం అసలు అంగుళం కన్నా ఒక వెంట్రుక పొడుగు. ఆ స్కేలు ఎప్పుడూ జేబులో ఉండేది. మా అమ్మ పోయినప్పుడు నన్ను ఓదార్చడానికి వచ్చి ఆయన అన్నది ఒకటే మాట. "చల్లారితే ప్రతిదీ కాస్త తగ్గుతుంది అమ్మాయ్. ఇప్పుడున్న కొలత చూసి భయపడకు."

మర ఆయనకి దొరికింది కూడా చెక్క కోసం వెతుకుతుంటేనే. నల్లతుమ్మ మొద్దు మంచిది కావాలని ఒక ఆదివారం సైకిలు బస్సు మీద వేసుకుని కొండాపూర్ అవతలి పల్లెలు తిరిగారు. సాయంత్రం వచ్చి గోడ మీంచి, "అమ్మాయ్, ఆ కొండ మీద తలకిందులుగా కట్టిన బురుజొకటి ఉంది" అన్నారు. బురుజు ఎక్కడైనా కింద లావు, పైన సన్నం. ఇది కింద సన్నం, పైన లావు. మరుసటి ఆదివారం నన్నూ లాక్కెళ్ళారు.

మిట్టమధ్యాహ్నం చేరాం. ఎండ మండిపోతోంది. ఆ రాతి గోపురం దగ్గరికి వెళ్ళి తల ఎత్తితే అది మన మీదికి వంగినట్టు ఉంటుంది. రెక్కలు లేవు. పైకప్పు సగం లేదు. లోపల మెట్లు ఎక్కుతుంటే అడుగడుక్కీ చలి పెరిగింది. అలాంటి చోట పావురాలో గబ్బిలాలో ఉండాలి. ఒక్క ఈక కూడా లేదు. మేకలు కొండంతా మేస్తున్నాయి గానీ ఆ నీడలోకి ఒక్కటీ రాలేదు. పై అంతస్తులో రెండు పెద్ద తిరగలి రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గోడ సందుల్లో తెల్లగా గట్టిగా ఏదో పేరుకుని ఉంటే సున్నమనుకుని గోటితో గీకాను. "పిండి అది. ఎన్నేళ్ళ నాటిదో, రాయైపోయింది" అన్నారు బాబాయిగారు. నేను చెయ్యి చీరకి తుడుచుకున్నాను.

కిందికి వచ్చేసరికి ఒక ముసలామె కొంగులో గుప్పెడు జొన్నలతో మెట్ల దగ్గర కూచుని ఉంది. ఆమే ఎల్లయ్య తల్లి. ఊళ్ళో అందరూ మర అవ్వ అంటారు. మర పని చెయ్యడం వాళ్ళ అత్తగారి కాలంలోనే ఆగిపోయినా, వారానికోసారి రాయి కంట్లో, అంటే పైరాయి నడిమి రంధ్రంలో, గుప్పెడు జొన్నలు పొయ్యడం ఆ ఇంటి కోడళ్ళ పని.

"ఉత్తగ ఉంచొద్దు బిడ్డా" అంది. "ఇంట్ల తిరగలి ఉత్తది తిప్పుతమా? గిది గంత పెద్ద తిరగలి."

ఆమె చెప్పిన కథ ఇదీ. నవాబు కొలువులో ఫిరంగులు పోత పోసే ఫరంగి దొర ఒకడు ఉండేవాడట. కొలువు పోయాక తన దేశం వెళ్ళకుండా ఈ ఊరి పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. వాళ్ళ నాన్న గాలిమర నడిపేవాడు కనక తనూ ఒకటి కట్టుకున్నాడు. పడమటి గాలి వచ్చే నాలుగు నెలలూ చుట్టుపక్కల ఊళ్ళ జొన్నలన్నీ దానిమీదే పడేవి. పోయేముందు మరని అవ్వ అత్తింటి వాళ్ళకి అప్పజెప్పాడు. దొర పేరు ఎవరికీ గుర్తులేదు.

ఇది ఉట్టి పుక్కిటి పురాణమేమో అనుకున్నాను, ప్లాంటులో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లలో ఒక ఫ్రెంచి ఆయన్ని బాబాయిగారు అక్కడికి తీసుకెళ్ళేదాకా. ఆయన బురుజు కింద నిలబడి టోపీ తీసేశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, మా అమ్మమ్మ ఊళ్ళో ఉన్నది ఇదే అన్నాడు. వాళ్ళ దేశానికి పడమటి కొసన సముద్రం పక్కన బ్రిటనీ అనే సీమ ఉందట. ఇలా పాదం సన్నగా, పొట్ట లావుగా మరలు కట్టేది అక్కడేనట. రాళ్ళు తిరిగేది పైన కదా, కింద చోటు ఎవరిక్కావాలి అని వాళ్ళ లెక్క. స్వదేశం వెళ్ళాక ఆ అమ్మమ్మ ఊరి మర ఫోటో కార్డు పంపాడు. బాబాయిగారు అది తీసుకెళ్ళి చూపిస్తే ఊళ్ళోవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. అదే సన్న పాదం, అదే రాతి పొట్ట. రెక్కలు మాత్రం ఉన్నాయి. "మన మర గక్కడికెట్ల పోయింది?" అన్నాడొకడు. అవ్వ ఆ కార్డు చూసి, బోర్లా తిప్పి పెట్టింది.

అప్పటికే కొండకి ఎసరు వచ్చింది. పటాన్‌చెరు వైపు షెడ్లు లేవబోతున్నాయి, రోడ్లు పడబోతున్నాయి, కంకర కావాలి. ఒక కాంట్రాక్టరు ఆ గుట్ట కోసం అర్జీ పెట్టుకున్నాడు. మర రాళ్ళు కూడా కంకరలోకే పోతాయి. బాబాయిగారు హైదరాబాదులో పాత కట్టడాల పని చూసే ఒక అధికారి దగ్గరికి వెళ్ళారు. ఆయన మంచివాడు. "శిథిలమైతే నేను చెప్పినా ఎవరూ వినరు. నడిచే మర అయితే నేను రాస్తాను, గుట్ట జోలికి ఎవరూ రారు" అన్నాడు. ఆయ్ అని వచ్చేశారు బాబాయిగారు.

మూడేళ్ళు పట్టింది. ఆదివారాలన్నీ దానికే. పిన్నిగారు మొదట్లో సణిగారు, తరవాత చద్దిపెట్టె కట్టడం మొదలుపెట్టారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభమేమిటి. రెక్కలకి టేకు, వాటి మీద గాలి పట్టే తెరచాపగా తాటిపత్రి గుడ్డ, పళ్ళచక్రానికి నల్లతుమ్మ. ఒక్కొక్క పన్నూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉలితో చెక్కారు. పక్క పంటితో కలవకపోతే పారేసి కొత్తది. "పన్ను మీద పన్ను పడాలి గానీ పడ్డట్టు ఉండకూడదు" అనేవారు. నేను కొలతలు తీసి బొమ్మలు గీసిచ్చాను. ఊరివాళ్ళు దూలాలు మోశారు. కప్పుని గాలివైపు తిప్పడానికి తోకలాంటి పెద్ద దూలం ఒకటుంటుంది. అది మొదటిసారి కిర్రుమని కదిలినప్పుడు ఊరి కుక్కలన్నీ ఒక్కసారి మొరిగి, ఒక్కసారే ఆపేశాయి.

ఇంక ఆ రోజు సంగతి చెప్పాలి. తప్పు ఆయనదే అని నేను రాయను, ఎందుకంటే నేనూ పక్కనే ఉన్నాను.

అధికారి పదకొండింటికి జీపులో వస్తానన్నాడు. మూడు రోజులుగా గాలి లేదు. పదింటికి లేచింది. అవ్వ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోంచి బయలుదేరింది, ఇంకా గుట్ట సగంలో ఉంది. బాబాయిగారికి కాలు నిలవడం లేదు. గాలి మళ్ళీ పడిపోతే? జీపు వచ్చాక మొరాయిస్తే? ప్లాంటులో మాకో అలవాటు ఉంది. ఏ మిషనైనా మొదట ఉత్తదే తిప్పి చూస్తాం, సరుకు వేసేది తరవాత. నో-లోడ్ అంటాం. అది చెయ్యకుండా స్విచ్ వేసినవాడిని మేం పనివాడనం.

"అమ్మాయ్, ఒక్క అయిదు నిమిషాలు నో-లోడ్ చూద్దామా?" అన్నారు.

"చూడండి బాబాయిగారూ" అన్నాను.

బ్రేకు వదిలారు. పైన రెక్కలు మూలిగి కదిలాయి. పళ్ళచక్రం ఒక్క చప్పుడు చెయ్యకుండా తిరిగింది, ఆయన ముఖం చూడాలి అప్పుడు. నాలుగు చుట్లు బాగానే ఉంది. అయిదో చుట్టుకి పైరాయి కిందరాయిని తాకింది. మధ్యలో గింజ లేదు. ముందు వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, తరవాత రాళ్ళ అంచు చుట్టూ నిప్పురవ్వలు. ఆ చప్పుడు నేను ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. అది మిషను చప్పుడు కాదు. అడుగు నుంచి మొదలై పైకి, ఇంకా పైకి పోతూ, ఎక్కడో ఒక మాటగా మారబోతున్నట్టు ఉంది. బాబాయిగారు బ్రేకు లాగారు, అది జారింది. మళ్ళీ లాగారు. ఆ మాట వినపడితే ఏమవుతుందో అని నేను రెండు చెవులూ మూసుకున్నాను.

అవ్వ గంప గుట్ట మీదే పడేసి, ఒళ్ళో పట్టినన్ని జొన్నలు కొంగులో వేసుకుని మెట్లెక్కి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. వచ్చి రాయి కంట్లో కొంగు దులిపింది. అన్నం ముద్ద నోట్లో పెడితే ఏడుపు ఆపిన పసిబిడ్డలా ఆ రాయి చప్పబడింది. మెల్లిగా పిండి రావడం మొదలైంది.

జీపు వచ్చింది. అధికారి చూశాడు, పిండి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, సంతోషించాడు. ఆయన రాసిన కాగితం వల్లే ఆ గుట్ట ఈనాటికీ ఉంది. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. అవ్వ మాత్రం ఆ పిండితో చేసిన రొట్టె ముట్టలేదు. మేం బయలుదేరుతుంటే బాబాయిగారి దగ్గరికి వచ్చి గొంతు పెంచకుండానే అంది.

"ఉత్త రాయి తిప్పినవ్ సారూ. నోరు తెరిపిచ్చి బువ్వ పెట్టలే. ఇగ అది ఒక మనిషిని తింటది. ఇయ్యాల గాదు. దానికి ఎప్పుడు బుద్ధి పుడితే గప్పుడు."

"ఆయ్, అలాగేలే అవ్వా" అని నవ్వారు బాబాయిగారు. బస్సులో కూడా నవ్వుతూనే ఉన్నారు. నెల తిరక్కుండా ఊళ్ళో ఒకతను తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడని తెలిసింది. అప్పుడు నవ్వడం మానేశారు.

అప్పటి నుంచి తొమ్మిదేళ్ళు, ఆ ఊళ్ళో ఎవరు పోయినా బాబాయిగారు వెళ్ళారు. సెలవు పెట్టి వెళ్ళారు, జ్వరంతో వెళ్ళారు. వెళ్ళి శవం దగ్గర కాసేపు కూచుని, ఇంటివాళ్ళని పక్కకి పిలిచి అడిగేవారు. వయసెంత? ఎన్నాళ్ళ నుంచి బాగాలేదు? ఈ మధ్య గుట్టవైపు గానీ వెళ్ళారా? ముసలివాళ్ళనీ, పాత రోగమనీ చెపితే ఇంటికొచ్చి అన్నం తినేవారు. చెప్పలేకపోతే తినేవారు కాదు. పురిట్లో ఒక పిల్ల పోయినప్పుడు రెండు రోజులు వరండాలోంచి లేవలేదు. పిన్నిగారు నా దగ్గరికి వచ్చి, "వాళ్ళు మనకేమవుతారమ్మాయ్, ఈయనకింత బెంగేమిటి?" అని అడిగారు. నాకు తెలుసు. చెప్పొద్దని ఆయన ఒట్టు వేయించుకున్నారు.

ఊరివాళ్ళు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. ప్లాంటు సారు మా ప్రతి చావుకీ వస్తాడు, కన్నవాళ్ళకన్నా ఎక్కువగా అడుగుతాడు అని చెప్పుకున్నారు. ఆయన కోసం ఒక చాప విడిగా పెట్టేవారు. పెళ్ళిళ్ళకి మొదటి పిలుపు ఆయనకే. ఆయన ఆ మర్యాద అందుకుంటుంటే దొంగసొత్తు పుచ్చుకుంటున్న మనిషిలా ఉండేది ముఖం.

ఒకసారి మర మెట్ల మీద కూచుని నేను గట్టిగానే చీవాట్లు పెట్టాను. చదువుకున్నవాళ్ళం, మిషన్ల మధ్య బతికేవాళ్ళం, రాయి మనిషిని తింటుందా అని.

"నమ్మకం కాదమ్మాయ్" అన్నారు. "అడక్కుండా ఉండలేకపోతున్నాను, అంతే. నా తొందరకి ఇంకెవరో పోతే? వాళ్ళకి ఎందుకు పోతున్నారో కూడా తెలియదు."

"చల్లారితే తగ్గుతుందని మీరే అంటారుగా."

"ఇది తగ్గట్లేదు" అన్నారు. జేబులో స్కేలు తడుముకుంటూ, "నీకు ఆ రోజు ఏదైనా మాట వినపడిందా?" అని అడిగారు. నేను చెవులు మూసుకున్నానని చెప్పాను. "నేను మూసుకోలేదు" అన్నారు. ఏం వినపడిందని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆయనంటే నాకు ఎంత ఇష్టమో ఆయన ఉండగా చెప్పలేదు. పక్కింటివాళ్ళకి అలాంటివి చెప్పం కదా. నా పెళ్ళికి పీట చేసిచ్చింది ఆయనే, మా వంటింటి అలమారా తలుపు ఏడాదికోసారి తనంతట తానే వచ్చి సరిచేసి వెళ్ళేది ఆయనే. ఆ ఉలి చేతుల మనిషి గోడ అవతల ఉన్నాడంటే నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ గోడ వైపు చూడలేకపోతున్నాను.

దహనానికి ఎల్లయ్యవాళ్ళ ఊరు ఊరంతా వచ్చింది. బస్సు చాలక కొందరు పటాన్‌చెరు పోయే లారీ ఎక్కి వచ్చారు. పదో రోజున అవ్వని ఎల్లయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఎనభైకి దగ్గరపడింది, చూపు తగ్గింది. పిన్నిగారి పక్కన నేల మీద కూచుంది.

"ఎట్ల పోయిండమ్మా సారు? నొప్పి గిట్ల అన్నడా? ఎన్నొద్దుల సంది బాగలేదు?"

తొమ్మిదేళ్ళుగా ఆయన వాళ్ళ ఊళ్ళో అడిగినవే అవి.

"నొప్పీ లేదు, రోగమూ లేదు" అన్నారు పిన్నిగారు. "ముందురోజు సాయంత్రం మాత్రం ఏదో పిచ్చిమాట అన్నారు. ఊళ్ళో అందరూ బాగున్నారు, ఇంక ఎవరో ఒకరు పోవాల్సి ఉంటే అది నేనే అయితే బాగుండును అని. ఏ ఊరో, ఎవరు పోవాలో, నాకేం అర్థం కాలేదు."

అవ్వకీ అర్థం కాలేదు. అందరి ముఖాలూ చూసింది. ఒట్టు వేయించుకున్న మనిషి లేడు. నేను చెప్పాను. ఆ రోజు ఆమె అన్న మాట దగ్గర్నించి, చావు చావుకీ ఆయన ఎందుకు వచ్చేవారో, ఏం వినడానికి వచ్చేవారో, అన్నం ఎందుకు తినేవారు కాదో, అన్నీ చెప్పాను. పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. అవ్వ కదలకుండా విన్నది.

"గా మాట మా అత్త చెప్పలే" అంది చివరికి. "ఉత్త రాయి తిప్పొద్దన్నది, గంతే. మనిషిని తింటదని ఎవ్వరూ చెప్పలే. కోపంల నేనే అన్న. గంపెడు జొన్నలు గుట్ట మీద పోయినయ్, నా మాట ఇనకపోతిరని కడుపు మండింది, ఒక మాట అన్న. ఇంటికి పోంగనే మర్సిపోయిన. కాలు జారితే లేస్తం బిడ్డా, నోరు జారితే ఏం లేస్తం. తొమ్మిదేండ్లు మా ఇంటికొచ్చి నా చేతి నీళ్ళు తాగిండు. ఒక్కసారి అడిగితె చెప్పకపోదునా?"

నాకు ఆమె మీద కోపం వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధం. ఒక్క మాటతో ఒక మనిషి తొమ్మిదేళ్ళ నిద్ర తినేసింది. అప్పుడే ఇంకో సంగతి తోచింది. ఆ రోజు చూడండి బాబాయిగారూ అన్నది నేను, తరవాత తొమ్మిదేళ్ళూ నోరు మూసుకున్నదీ నేనే. నేను అవ్వతో ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిపోయేది. ఒట్టు పట్టుకుని కూచున్నాను.

అవ్వ నా ముఖంలోకి మసక కళ్ళతో చూసింది. "నేనన్నది అబద్ధమైతె మర ఎందుకు ఆగింది బిడ్డా?"

ఆదివారం మర దగ్గరికి వెళ్ళాం. మా మెయింటెనెన్సు ఫిట్టర్లలో గట్టివాణ్ణి ఒకణ్ణి తీసుకెళ్ళాను. నేను గీసిన బొమ్మలన్నీ పట్టుకెళ్ళాను. గాలి గుట్ట మీద మనిషిని నిలవనివ్వడం లేదు. తాటిపత్రి గుడ్డలు పొంగి, తాళ్ళు బిగుసుకుని ఉన్నాయి. రెక్కలు కదలడం లేదు. ఫిట్టరు పైకెక్కి బ్రేకు చూశాడు, వదిలే ఉంది. ఇరుసు చూశాడు, ఆముదం తడి ఆరలేదు. పళ్ళు ఒక్కొక్కటీ తడిమాడు. బొమ్మలో ఉన్నవన్నీ ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. నలుగురం కలిసి రెక్క పట్టుకుని లాగాం. అది అవతల నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంది. "మేడమ్, ఇందులో ఏమీ లేదు" అన్నాడు ఫిట్టరు, చేతులు తుడుచుకుంటూ. దిగి దూరంగా వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు. మళ్ళీ లోపలికి రాలేదు.

"రాయిల సారే ఉన్నడేమో, ఒక మాట చెప్పాలె" అని అవ్వ పైకి ఎక్కుతానంది. వద్దన్నా వినలేదు. ఎల్లయ్య ముందు, నేను వెనక, ఒక్కొక్క మెట్టూ కూచుని లేస్తూ ఎక్కింది. పై అంతస్తులో రాయి చుట్టూ చేత్తో తడుముకుంటూ తిరిగి, కన్ను దొరికాక మోకాళ్ళ మీద కూచుంది. ఆ రంధ్రంలోకి వంగింది.

"సారూ" అంది. "గది నేనన్న మాటే. నేను కోపంల అన్న. నీ వల్ల మా ఊర్ల ఎవ్వరూ పోలే. తాటిచెట్టు మీదికెల్లి పడ్డోడు కల్లు తాగి పడ్డడు. పురిట్ల పోయిన పిల్లది దాని రాత. ఎవ్వరూ నీ మీద పోలే. ఇంటున్నవా?"

ఆ మాటలు రాళ్ళ మధ్యకి దిగి, కింద ఎక్కడో తిరిగి, ఇంకాస్త లావైన గొంతుతో పైకి వచ్చాయి. ఎల్లయ్య గోడకి ఆనుకున్నాడు. అవ్వ తల తిప్పి, చెంప రాయికి ఆనించి, చెవి ఆ రంధ్రం మీద పెట్టింది. బయట గాలి గుడ్డల్ని బాదుతూనే ఉంది. నేను ఈసారి చెవులు మూసుకోలేదు. ఆమె కళ్ళు మూసుకుని, పెదాలు కొద్దిగా తెరుచుకుని, జవాబు చెప్పే మనిషి ఎదురుగా ఉంటే ఎలా వింటామో అలా వింటూ ఉండిపోయింది. పొద్దు కిటికీ దాటింది. ఇంటికి పోదామని ఎల్లయ్య రెండుసార్లు భుజం తాకాడు. ఆమె ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.